చెరువు గట్టు దాకా దారి చూపే చవక జీపీఎస్

పాలకొల్లులో నాకు ఏరియేటర్లు, అంటే రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, బాగుచేసే షెడ్డు ఉంది. షెడ్డు పేరుకే. పనిలో సగం తిరుగుడే. పాత ఓమ్నీ వ్యాన్‌లో మోటార్లు, గేర్‌బాక్సులు, ప్యాడిళ్లు వేసుకుని ఇటు మొగల్తూరు, పేరుపాలెం, లోసరి, కాళ్ల, ఆకివీడు వెళ్తాను. గోదావరి దాటితే మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. రొయ్యల చెరువు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి. చెరువుకు డోర్ నంబరు ఉండదు, వీధి పేరు ఉండదు. ఫలానా రైతు చెరువు అంటే ఆ ఊళ్లో నాలుగు చోట్ల నాలుగు చెరువులు ఉంటాయి. ఈ తిరుగుడు కోసమే కారు అద్దానికి అతికించుకునే చిన్న జీపీఎస్ నావిగేటర్ ఒకటి కొన్నాను. చేతిలో ఫోనుండగా ఇదెందుకని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. వాడుతూ నేను తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పనిలో తొందర ఎందుకో చెప్పాలి. వనామి రొయ్య పెంపకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత మా వైపు చెరువుల్లో దాదాపు అంతా అదే. ఒత్తుగా పిల్ల వేస్తారు కాబట్టి ఏరియేటర్ తిరగకపోతే రొయ్యకు ఊపిరి అందదు. పగలైతే నీళ్లలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని నాచు) ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కంటే తగ్గకుండా చూసుకోవాలని రైతులందరికీ తెలుసు. అందుకే నాకు ఫోన్లు ఎక్కువగా రాత్రి రెండుకీ నాలుగుకీ మధ్య వస్తాయి. "మెకానిక్ గారూ, రొయ్య పైకి తేలిపోతోందండీ" అని అవతల రైతు గొంతు వణుకుతూ ఉంటే, దారి వెతుక్కుంటూ అరగంట పోగొట్టడం అంటే ఆయన పెట్టుబడి పోగొట్టడమే. నాకు నావిగేటర్ షోకు కాదు. రెంచి ఎంత అవసరమో ఇదీ అంతే.

ఇక ఫోన్ సంగతి. ఫోన్‌లో మ్యాప్ బాగుంటుంది, కొత్త రోడ్లు తొందరగా ఎక్కుతాయి, ట్రాఫిక్ కూడా చూపిస్తుంది. భీమవరం టౌన్‌లో తిరగడానికి నేను ఇప్పటికీ ఫోనే వాడతాను. కానీ సముద్రం వైపు వెళ్లేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దారి చూస్తుండగానే రైతు ఫోన్ చేస్తాడు, చెరువు కాపలా కుర్రాడు ఫోన్ చేస్తాడు, మ్యాప్ వెనక్కి వెళ్లిపోతుంది. మే నెల ఎండలో డాష్‌బోర్డు మీద పెడితే ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది. ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా ఫోన్ దారి చూపిస్తుంది, నిజమే. అది చేసుకునే అలవాటు మాత్రం చాలామందికి లేదు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో రొయ్య ఆక్సిజన్ కోసం ఆగలేదు కదా. నెట్‌తో సంబంధం లేకుండా దారి చూపే వస్తువు ఒకటి బండిలో ఉండాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

నేను కొన్నది పెద్ద కంపెనీ పేరున్న సరుకు కాదు. ఆన్‌లైన్‌లో దొరికే ఐదు అంగుళాల చైనా రకం. అద్దానికి అతికే స్టాండు, చార్జరు కలిపి నాలుగున్నర వేల లోపు పడింది. లోపల విండోస్ సీఈ అనే పాత సాఫ్ట్‌వేర్, ఎనిమిది జీబీ మెమరీ, పక్కన ఒక మెమరీ కార్డు పెట్టుకునే చోటు. ఇండియా మ్యాప్ అమ్మినవాళ్లే ఎక్కించి ఇచ్చారు. ఈ రకం కొనేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే. కొన్నింటిలో వేరే దేశాల మ్యాప్ మాత్రమే ఉంటుంది, అది మనకు ఎందుకూ పనికిరాదు. గొంతు ఇంగ్లీషులోనే వస్తుంది, తెలుగు లేదు. ఊళ్ల పేర్లు పలకదు, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని మాత్రమే చెబుతుంది. నాకు అది చాలు. ఇందులో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంది, దాంతో ఆ గొంతు బండి రేడియోలో వినిపిస్తుంది. ఓమ్నీ ఇంజిన్ సీటు కిందే కాబట్టి మోతలో దీని చిన్న స్పీకరు వినపడదు. రేడియోలో పెడితే స్పష్టంగా వినపడుతుంది. నా బండికి సిగరెట్ లైటర్ సాకెట్ లేకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వైరు లాగి ఒకటి బిగించుకున్నాను. దాని సొంత బ్యాటరీని మాత్రం నమ్ముకోకండి, గంట సేపు వస్తే గొప్ప.

ఆన్ చేయగానే దారి చూపించదు. ఇది చాలామందిని విసిగిస్తుంది, కారణం తెలిస్తే విసుగు ఉండదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో తేల్చడానికి కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందాలి. ప్రతి ఉపగ్రహం తాను ఎక్కడుందో చెప్పే వివరం 30 సెకన్లకోసారి పంపుతుంది. మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటి నుంచి వినాలి. ఉపగ్రహాలన్నిటి చిట్టా పూర్తిగా రావడానికైతే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్ ఆ వివరాలను నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి తొందరగా పట్టేస్తుంది. దీనికి నెట్ లేదు, ఆకాశం నుంచే వినాలి. అందుకని ఫోన్ రాగానే నేను చేసే మొదటి పని బండి ఆరుబయటికి తీసి నావిగేటర్ ఆన్ చేయడం. సామాన్లు ఎక్కించేలోగా అది సిద్ధమవుతుంది. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య, ముఖ్యంగా వానకు ఆకులు తడిసి ఉన్నప్పుడు ఆన్ చేస్తే ఎక్కువసేపు పడుతుంది. చెరువుల మీద ఆకాశం అంతా తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

రైతులు వాట్సాప్‌లో లొకేషన్ పంపిస్తారు. దాన్ని మ్యాప్‌లో తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. వాటిని నావిగేటర్‌లో కొట్టాలి. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఫోన్ దశాంశాల్లో చూపిస్తుంది. నావిగేటర్ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అడగొచ్చు. ఉదాహరణకు నర్సాపురం దగ్గర ఒక చెరువు అక్షాంశం 16.4350 అనుకుందాం. దాన్ని 16 డిగ్రీల 43 నిమిషాల 50 సెకన్లు అని కొడితే నావిగేటర్ తప్పని చెప్పదు. మిమ్మల్ని ముప్పై కిలోమీటర్ల పైన ఉత్తరానికి, తణుకు వైపు తీసుకుపోతుంది. చేయాల్సింది ఏమిటంటే 0.4350ని 60తో గుణించాలి, 26.1 వస్తుంది. 26 నిమిషాలు. మిగిలిన 0.1ని మళ్లీ 60తో గుణిస్తే 6 సెకన్లు. అంటే 16 డిగ్రీల 26 నిమిషాల 6 సెకన్లు. రేఖాంశానికీ ఇదే లెక్క. కొన్ని నావిగేటర్ల సెట్టింగ్స్‌లో దశాంశాల పద్ధతికే మార్చుకునే వీలుంటుంది. నా దాంట్లో ఉంది, కొన్న రోజే మార్చి పెట్టుకున్నాను. దశాంశం తర్వాత నాలుగో అంకె ఒకటి మారితే నేల మీద పదకొండు మీటర్ల తేడా వస్తుంది. కాబట్టి నాలుగు అంకెలూ కొట్టాలి, రెండు కొట్టి వదిలేస్తే కుదరదు.

అంకెలు సరిగ్గా కొట్టినా చెరువు దగ్గరికి చేరతామన్న గ్యారంటీ లేదు. ఈ పరికరం గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఇదే, ఎవరూ చెప్పరు కూడా. మీరిచ్చిన చోటికి మ్యాప్‌లో రోడ్డు లేకపోతే, అక్కడికి దగ్గరగా కనిపించిన రోడ్డు మీదికి తీసుకెళ్లి "వచ్చేశాం" అంటుంది. దగ్గర అంటే గీత గీసి కొలిచిన దగ్గర. మధ్యలో ఏముందో దానికి పట్టదు. మా డెల్టాలో మధ్యలో ఉండేది నీళ్లే. కాలవకో డ్రెయిన్‌కో అవతలి గట్టు మీద రోడ్డు ఉంటే, చెరువు యాభై మీటర్ల దూరంలోనే కనపడుతుంది, ఏరియేటర్ల లైట్లు కూడా కనపడతాయి, కానీ వెళ్లలేం. వంతెన ఎక్కడో లాకుల (కాలవ నీటిని ఆపే తలుపుల) దగ్గర ఉంటుంది. వెనక్కి తిరిగి నాలుగైదు కిలోమీటర్లు చుట్టాలి. గట్టు మీద బండి తిప్పుకునే చోటు కూడా ఉండదు. "ఎక్కడిదాకా వచ్చారండీ?" "కాలవ గట్టు మీదే ఉన్నానండీ." "ఏ గట్టండీ, బడి వైపా లాకుల వైపా?" మా వైపు కొత్త మనిషికీ రైతుకీ మధ్య ఈ మాటలు నడవని రోజు ఉండదు.

అందుకే నేను చెరువును సేవ్ చేయను. మలుపును సేవ్ చేస్తాను. పగటిపూట మొదటిసారి వెళ్లినప్పుడు, తారు రోడ్డు వదిలి గట్టు ఎక్కే చోట, తూము మీదో కల్వర్టు మీదో బండి ఆపి, ఆ చోటును రైతు ఊరి పేరుతో ఫేవరెట్స్‌లో పెట్టుకుంటాను. అక్కడి నుంచి చెరువు దాకా ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి వెళ్తాను. మనం నడిచిన దారి గీతలా నిలిచిపోతుంది. రాత్రిపూట మళ్లీ రావాల్సి వస్తే మలుపు దాకా గొంతు తీసుకొస్తుంది, ఆ తర్వాత గీత మీద బండి బొమ్మను ఉంచుకుంటూ నెమ్మదిగా వెళ్లడమే. రెండు చెరువుల మధ్య గట్టు మీద, చీకట్లో, రెండు వైపులా నీళ్లుంటే ఆ గీత ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. వానాకాలం నల్లమట్టి గట్టు దిగబడిపోతుంది కాబట్టి కొన్ని చెరువులకు రెండో మలుపు కూడా పెట్టుకున్నాను, ఊరి పేరు పక్కన "వాన" అని.

సిగ్నల్ కచ్చితత్వం గురించి ఒక మాట. 2000 మే నెల దాకా అమెరికా వాళ్లు మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపి వదిలేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది ఆపేశాక ఇప్పుడు బహిరంగ ప్రదేశంలో కొద్ది మీటర్ల తేడాతో చెప్పేస్తుంది. అయినా మన కాలవల మీద ఆ కొద్ది మీటర్లే కొంప ముంచుతాయి. కాలవకు రెండు గట్ల మీదా రోడ్డు ఉంటే, మ్యాప్ గీసినవాళ్ల తేడా దీనికి తోడై, మీరు ఈ గట్టు మీద వెళ్తుంటే బండి బొమ్మ అవతలి గట్టు మీద కనిపించొచ్చు. కాలవ ఏ చేతి వైపు ఉందో కంటితో చూసుకోండి, తెర మీద కూడా అదే చేతి వైపు ఉందో లేదో చూసుకోండి.

దారి లెక్క కట్టే పద్ధతిలో "షార్టెస్ట్" అని ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. అర కిలోమీటరు ఆదా చేయడానికి ఏటిగట్టు మీది ఇరుకు దారిలో దింపుతుంది. ఎదురుగా కొబ్బరి లోడు ట్రాక్టర్ వస్తే తప్పుకునే చోటుండదు. "ఫాస్టెస్ట్" పెట్టుకుంటే నిమ్మళంగా పెద్ద రోడ్డు మీద వెళ్లొచ్చు.

ఇక పంటు, అంటే బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లాలంటే మధ్యలో వశిష్ఠ గోదావరి. పగలు బండిని పంటు ఎక్కిస్తే కాసేపట్లో అవతలి రేవులో ఉంటాం. రోడ్డున రావాలంటే దిగమర్రు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, దిండి దాటి, మలికిపురం మీదుగా చుట్టుకుని రావాలి. నావిగేటర్ మ్యాప్‌లో పంటు దారి కూడా ఒక రోడ్డులాగే గీసి ఉంది. అర్ధరాత్రి అయినా, వరద అయినా దానికి ఒకటే, తిన్నగా రేవులోకి తీసుకెళ్తుంది. రాత్రిపూట కొత్తవాడు ఆ గొంతును నమ్మి రేవు వాలు దిగడం ప్రమాదం. సెట్టింగ్స్‌లో ఫెర్రీలు వద్దు అని ఉంటుంది. అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. పగలు పంటు ఎక్కాలనుకుంటే రేవునే గమ్యంగా పెట్టుకుని, అవతల దిగాక మళ్లీ దారి అడగొచ్చు. గోదావరి గౌతమి పాయ మీద కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య కూడా ఈ జాగ్రత్త పాటించండి. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి గారి పేరుతో వారధి ఉంది, పాశర్లపూడి, బోడసకుర్రు మధ్య వైనతేయ పాయ మీద వంతెన ఉంది. ఫెర్రీలు ఆపేస్తే అది ఆ వంతెనలనే వెతుక్కుంటుంది.

వరద వస్తే దీని మాట అసలు వినకూడదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా వస్తాయి, నావిగేటర్‌కు రావు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే (పాయ మీద ఎత్తు తక్కువ దారి) గోదావరి పొంగగానే మునిగిపోతుంది, జనం పడవల మీద తిరుగుతారు. లంకల (గోదావరి మధ్య దిబ్బల మీది ఊళ్ల) వైపు పని ఉంటే నేను ముందు రైతుకు ఫోన్ చేసి కాజ్‌వే మీద నీళ్లున్నాయా అని అడుగుతాను. 2022 జులై వరదలప్పుడు లంకల్లో ఇళ్ల చుట్టూ నీళ్లు నిలిచాయి. అటువంటి రోజుల్లో స్థానికుల మాటే దారి.

నా దాంట్లో మ్యాప్ పాతది. జిల్లాలు 2022 ఏప్రిల్‌లో మారాయి, ఇందులో అమలాపురం ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంది. రోడ్ల నంబర్లూ పాతవే. పాలకొల్లు నుంచి భీమవరం మీదుగా పామర్రు వెళ్లే రోడ్డును 214 అని చూపిస్తుంది, అది ఇప్పుడు 165. నర్సాపురం, మొగల్తూరు మీదుగా బందరు వెళ్లేదాన్ని 214ఏ అంటుంది, అది ఇప్పుడు 216. బోర్డు మీద ఒకటి, తెర మీద ఒకటి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రోడ్డు అదే. ఊరి పేరు వెతకడం మాత్రం ఓపిక కావాలి. రాజోలు కావాలంటే ఇంగ్లీషులో జెడ్ పెట్టి కొట్టాలి. పాలకొల్లుకు పాత స్పెల్లింగు కొడితేనే దొరికింది. నర్సాపూర్ అని కొడితే మెదక్ వైపు ఊరు ముందు వస్తుంది. గన్నవరం అంటే విజయవాడ ఎయిర్‌పోర్టు దగ్గరిది వస్తుంది, మన పి.గన్నవరం కాదు. వెళ్లే ముందు తెర మీద మొత్తం కిలోమీటర్లు చూసుకుంటే ఇటువంటివి వెంటనే తెలిసిపోతాయి.

వాడకంలో చిరాకులు ఉన్నాయి. టచ్ స్క్రీన్ ఫోన్‌లాగా వేలు తగలగానే పలకదు, గోరుతో నొక్కాలి. గ్రీజు చేతులతో ఉండే నాకు అది ఒకందుకు మేలే అయింది, గ్లవుజుతో నొక్కినా పనిచేస్తుంది. కంప్యూటర్‌కు పెట్టే కేబుల్‌తో చార్జింగ్ పెడితే అది కంప్యూటర్‌కు తగిలించారనుకుని మ్యాప్ ఆపేస్తుంది. దాంతో పాటు వచ్చిన చార్జరే వాడండి. స్టాండు రబ్బరు ఉప్పుగాలికి, దుమ్ముకి పట్టు వదులుతుంది, తడిగుడ్డతో అద్దాన్నీ రబ్బరునీ తుడిచి అతికిస్తే నిలుస్తుంది. డ్రైవర్ చూపుకు అడ్డం రాకుండా అద్దం కింది మూలలో పెట్టుకోవాలి. ఎండలో బండి ఆపి చెరువులోకి దిగేటప్పుడు నేను దాన్ని తీసి పనిముట్ల పెట్టెలో పెడతాను. లిథియం బ్యాటరీ ఎండకు ఉబ్బితే తెర పైకి లేస్తుంది. రాత్రిపూట నైట్ మోడ్ పెట్టి వెలుతురు బాగా తగ్గించండి, లేకపోతే గట్టు మీద కళ్లు చీకటికి అలవాటు పడవు.

టౌన్‌లో ఆఫీసుకీ ఇంటికీ మధ్య కారు నడిపేవాళ్లకు ఇది కొనమని చెప్పను, ఫోన్ చాలు. పశువుల డాక్టర్లు, ధాన్యం, కొబ్బరి కొనడానికి ఊళ్లు తిరిగేవాళ్లు, రొయ్యల మేత సప్లై చేసేవాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిళ్లు బండి నడిపే డ్రైవర్లు, వీళ్లందరికీ పెట్టిన డబ్బు వస్తుంది. పాతది చవగ్గా దొరికితే తీసుకోవచ్చు గానీ ఒకటి చూసి తీసుకోండి. జీపీఎస్ వారాలను లెక్కపెట్టే పాత పద్ధతిలో 1024 వారాలకోసారి లెక్క సున్నాకి వస్తుంది. అలా 2019 ఏప్రిల్ 6న వచ్చింది. దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అందని పాత నావిగేటర్లు కొన్ని తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తాయి, కొన్ని ఉపగ్రహాలను పట్టుకోవడానికే చాలాసేపు తీసుకుంటాయి. కాబట్టి కొట్టు లోపల చూసి డబ్బులివ్వకండి. బయట రోడ్డు మీదికి తెచ్చి, ఆన్ చేసి, పావుగంట నిలబడి, తేదీ సరిగ్గా ఉందా, ఎన్ని ఉపగ్రహాలు పట్టింది, బండి బొమ్మ మీరు నిలబడ్డ రోడ్డు మీదే ఉందా అని చూడండి. ఆ తర్వాత ఇండియా మ్యాప్ తెరిచి అంతర్వేది దాకా దారి అడగండి. పాలకొల్లులో నిలబడి అడిగితే చించినాడ వంతెన మీదుగా చూపించాలి.